బూడిద గుమ్మడికాయ రసం

నార్కట్‌పల్లి,
6 ఫిబ్రవరి 2023, సోమవారం.

ప్రేమగల అమ్మకు మెర్సీ వందనాలు.

ఈ రోజు పొద్దున తలుపు తీసేసరికి గడప ముందు నాలుగు బూడిద గుమ్మడికాయలు చుట్టాల్లా కూర్చుని ఉన్నాయి. నీ అల్లుడు తెల్లవారకముందే వెళ్లి బండి మీద తెచ్చాడు. చొక్కా నిండా తెల్లటి బూడిద. "మెర్సీ, గియ్యాల్టి సంది మనిద్దరం డీటాక్స్" అన్నాడు. పెళ్లినాడు కూడా డేవిడ్ ముఖంలో అంత సంబరం చూడలేదు.

వాకిలి ఊడుస్తున్న మా ఓనరమ్మ నిర్మలమ్మ చీపురు ఆపింది.

"ఏం డేవిడూ, దిష్టికి కడ్తవా? మీరు గివన్నీ నమ్మరంటిరి?"

"కట్టనీకి కాదమ్మా, తాగనీకి."

"తాగనీకా! కల్లు దొర్కలేదా బిడ్డా?"

వారం పాటు పొద్దున్నే ఈ రసం, మధ్యాహ్నం కీరదోసకాయ, రాత్రికి ఉడికిన కూరగాయలు. అన్నం, చాయ, కారం బంద్. ఒంట్లో ఉన్న విషమంతా పోతుందని ఫోన్‌లో ఏదో వీడియోలో చెప్పారట. డీటాక్స్‌కు తెలుగు మాట ఏమిటా అని బస్సులో కాలేజీకి పోతూ ఆలోచించాను. 'విషం తీయడం' అని తోచింది. ఇరవై ఏళ్ల నాలో, టైర్ల షాపులో రోజంతా చెమటోడ్చే డేవిడ్‌లో అంత విషం ఎక్కడ దాగిందో అర్థం కాలేదు. రసం మాత్రం పచ్చి వాసన. ముక్కు మూసుకుని తాగాను.

ఇదంతా ఫోన్‌లోనే చెప్పేదాన్ని. కానీ నాయిన స్పీకర్ పెడతాడు, ఇల్లంతా వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పాటల పుస్తకం చదివినట్టు నిదానంగా చదువుకో.

అసలు సంగతి ఇది. నా నెలసరి సరిగా లేదని నల్గొండ దవాఖానలో చూపించుకున్నాం. బరువు తగ్గితే అదే సర్దుకుంటుందని, తర్వాత పిల్లలకూ ఇబ్బంది ఉండదని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తమ్మ సుగుణమ్మ ఆ చివరి మాట ఒక్కటే పట్టుకుంది. ఎప్పుడు ఫోన్ చేసినా "ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడుగుతుంది. ఈ రసం కూడా దానికోసమేనని నాకు తెలుసు. అమ్మా, ఇది పనిచేయదేమోనని నాకు భయం లేదు. పనిచేస్తుందేమోనని భయం. నేనింకా డిగ్రీ రెండో సంవత్సరమే. క్లాసులో పద్యం చెబుతుంటే నాకు ఆకలి కూడా తెలియదు. కడుపు పండితే చదువు ఆపేయమంటారు. మందిరంలో అత్తమ్మ మోకాళ్ల మీద ఉండి మనవణ్ని ఇమ్మని అడుగుతుంది. పక్కనే మోకాళ్ల మీద నేను, ఇప్పుడే వద్దు ప్రభువా అంటున్నాను. ఈ మాట డేవిడ్‌కు కూడా చెప్పలేదు.

నీ బిడ్డ,
మెర్సీ


నార్కట్‌పల్లి,
10 ఫిబ్రవరి, శుక్రవారం.

నా అమ్మా,

చాయ మానేసినందుకు మొదలైన తలనొప్పి తగ్గింది. నిన్న బస్సులో పక్కామె మిర్చి బజ్జీ తింటుంటే మాత్రం ఏడుపొచ్చింది.

ఈ మధ్యాహ్నం అత్తమ్మ చెప్పకుండా వచ్చింది. మూలన రెండు గుమ్మడికాయలు, గుమ్మం పక్కన చెక్కు కుప్ప. అది చూసి కాలు లోపల పెట్టలేదు.

"ఏందే గిది? మందిరంల ముందట కూసునే ఇల్లు మనది. దిష్టి తీపిస్తున్నవా? గా ఓనరమ్మ చెప్పిందా?"

బయట నుంచి నిర్మలమ్మ అందుకుంది. "నన్నెందుకు పట్టుకుంటవమ్మా? బంగారమసొంటి కాయలు, వడియాలు పెట్టుండ్రని మొత్తుకుంటున్న. వింటలేరు."

"దిష్టికి కాదత్తమ్మా, తాగనీకి. బరువు తగ్గనీకి" అన్నాను.

"పిల్లల కోసమా?"

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆమె ముఖం అంతలోనే వెలిగింది. కొంగు దోపుకుని, కాయలో సగం కోసి, తనే తురిమి, పిండి నాకు గ్లాసు నిండా ఇచ్చింది. మిగిలింది తను పోసుకుంది. "నా మన్మని కోసం నేను గూడ తాగుత" అని, వికారంగా ముఖం పెట్టి కూడా చుక్క వదలకుండా తాగింది. అమ్మా, ఆమె చెడ్డదైతే నాకు ఎంత సులువుగా ఉండేదో!

ఆమె బస్సెక్కి వెళ్లిపోయాక డేవిడ్ వచ్చాడు. అతని ముందు ఆమె తాగిన ఖాళీ గ్లాసు పెట్టి, "నాకిప్పుడే పిల్లలొద్దు. డిగ్రీ కావాలె" అన్నాను.

గ్లాసు పక్కకు జరిపాడు.

"మరి నేను గీ కాయలెందుకు మోసుకొచ్చిన అనుకున్నవ్? నిన్ను యాడికో తీస్కపోయి నాటుమందు పోపిస్తనని అమ్మ ఒక్కటే పట్టు పట్టింది. మేమే ఏదో చేస్తున్నమంటే వారమన్న ఊకుంటదనుకున్న."

"వారం అయినంక?"

"ఇంకో వీడియో దొర్కదా?"

నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. తల్లీకొడుకులిద్దరూ నా ఒంటి గురించే మాట్లాడుకున్నారు, నాతో తప్ప. ఆ మాటే అడిగాను. "నువ్వు గూడ నాకు చెప్పలేదు గద" అన్నాడు. అదీ నిజమే. తర్వాత తల గోక్కుంటూ, రోజూ షాపు పక్కన పూరీలు తింటున్నానని ఒప్పుకున్నాడు. ఈ వారంలో నిజంగా పస్తున్నది నేనొక్కదాన్నే! డాక్టరమ్మ నన్ను నడవమంది గానీ గుమ్మడికాయ తాగమనలేదు. నడక మానను. రసం ఇక తాగను.

ఇప్పుడే నిర్మలమ్మ, నేను మిగిలిన కాయలు ముక్కలు కోసి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి రాయి పెట్టాం. మినపప్పు నానబోశాం. రేపు రెండో శనివారం, కాలేజీ లేదు. తెల్లారగానే పిండి రుబ్బి మిద్దె మీద వడియాలు పెడతాం. అది కాగానే అత్తమ్మకు ఫోన్. "నేను చెప్త" అని డేవిడ్ అన్నాడు, వద్దన్నాను. ఆ రసం ఆమె నా ఎదురుగా తాగింది, నేనే చెప్పాలి. డిగ్రీ అయ్యేదాకా ఆగమని చెప్పి, వడియాలు ఎండగానే మొదటి డబ్బా ఆమెకేనని కూడా చెబుతాను. తిడితే వింటాను. డేవిడ్ పక్కనే నిలబడతాడు. స్పీకర్ మాత్రం పెట్టను.

నీ
మెర్సీ