అక్క ఇంటికి వద్దన్న లైను

నా బంగారు చెల్లికి,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. వెంటనే జవాబు రాయనందుకు పని వంక చెబుదామనుకున్నాను. పని ఉన్న మాట నిజమే. కొండ మీద చివరి ఊరి దాకా ఇంటర్నెట్ కేబుల్ లాగేశాం. ఆ కేబుల్‌లో వెంట్రుకంత సన్నటి గాజు పోగులుంటాయి. రెండు కొసలనీ స్పిరిట్‌తో తుడిచి, తిన్నగా కోసి, మెషీన్లో ఎదురెదురుగా పెట్టి అతికించడం నా పని. దుమ్ము రేణువు పడినా అతుకు పాడవుతుంది. అందుకని ఎండాకాలంలో కూడా వ్యాను తలుపులు బిగించుకుని ఉక్కలో కూర్చుంటాను. మా సూపర్‌వైజరు నా అతుకులు చూసి, ఈవిడ చేతులకి కళ్ళున్నాయి అంటుంటాడు.

ఆ చేతుల సంగతే నీకు చెప్పాలి.

పదకొండు ఊళ్ళకి లైను ఇచ్చావు, మరి మీ ఇంటికెప్పుడు అని అడిగావు. వీడియోలో ఎదురెదురుగా కూర్చుని చేతులారా మాట్లాడుకుందామన్నావు. ఇక్కడ ఫోను సిగ్నలు కోసం మిద్దె ఎక్కాలి, అక్కడా మాట ముక్కలవుతుంది, ఇక బొమ్మ సంగతి ఎందుకు. లైనుంటే ఆ బాధ లేదు. మా వంటింటి కిటికీ ఎదురుగా ఉన్న స్తంభం దాకా వచ్చేసింది కూడా. ఇంకో నలభై అడుగులు లాగితే చాలు. నేనే మా ఇంటికి వద్దని ఆఫీసులో రాసిచ్చాను. మీ బావ ఎందుకు వద్దన్నావని అడిగితే, మనకెందుకులెండి అన్నాను. పన్నెండేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి, ఎవరు దారి తప్పిస్తున్నారో ఆయనకి తెలుస్తుంది. ఇంకేం అడగలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చావు గుర్తుందా? బస్టాపులో నా పక్కన కొత్త స్నేహితురాళ్ళు ముగ్గురున్నారు. నువ్వు రోడ్డవతల నిలబడి, నీ చేత్తో కుట్టుకున్న మొదటి జాకెట్టు చూపిస్తూ రెండు చేతులతో ఏవేవో చెబుతున్నావు. ఎవరే ఆ పిల్ల అని వాళ్ళడిగారు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. "మా వీధి పిల్లేలే. పాపం, వినపడదు" అన్నాను. నువ్వు కాసేపు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు.

ఆ రోజు నుంచి నీతో చేతులతో మాట్లాడడానికి మొహం చెల్లలేదు. కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని. అక్కకి రాయడమంటే ఇష్టమని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. పెళ్ళయ్యాక దూరమయ్యాం, ఉత్తరాలు సరిపోయాయి. కలిసినప్పుడు వాటేసుకుని, కాగితాలు మార్చుకుని గడిపేశాం. ఇరవై రెండేళ్ళు. నువ్వు నేర్పిన సైగలన్నీ మర్చిపోయానే. తెర మీద నన్ను చూస్తే మర్చిపోయానని తెలుస్తుంది. ఎందుకు మర్చిపోయావని అడుగుతావు. అందుకే లైను వద్దన్నాను. నలుగురికీ అతుకులేసే దాన్ని, నీ దగ్గర మాత్రం తెంపుకుని కూర్చున్నాను.

కోప్పడాలనుంటే కోప్పడు. ఉత్తరం మాత్రం మానకు.

నీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం షాపులో కుట్టుమిషను మీద పెట్టుకుని చదివాను. ముందు ఏడ్చాను. తర్వాత ఎంత నవ్వానంటే, మీ మరిది కత్తెర పక్కన పెట్టి వచ్చి, ఉత్తరం లాక్కుని చదివాడు. ఇప్పుడు ఆయనా నవ్వుతున్నాడు.

చెవిటిదాన్నని తెలుసు, పెదవులు చదువుతానని ఎలా మర్చిపోయావే? ఆ రోజు రోడ్డవతల నుంచి నీ ప్రతి మాటా చదివాను. రెండేళ్ళు నీ మీద పీకల దాకా కోపం. నీ నీలం లంగా అంచు కావాలని వంకరగా కుట్టాను. నువ్వు అది వేసుకుని ఊరంతా తిరిగావు, గమనించనే లేదు. దాంతో నా కోపం సగం పోయింది.

మిగతా సగం ఎందుకు పోయిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీ బస్టాపుకి ఏడాది ముందు సంగతి. నువ్వు నాన్నతో మా హాస్టలుకి వచ్చావు. మా చెవిటి పిల్లల లోకంలో వినపడేవాళ్ళంటే ఎంత చులకనో నీకు తెలియదు. చేతులకి మేకులు కొట్టినట్టు మాట్లాడతారని వెక్కిరించేవాళ్ళం. నువ్వు గేటు దగ్గర నిలబడి, నీకు మిఠాయి తెచ్చాను అని సైగ చేయబోయి, అందరి ముందూ, నీకు గాడిదని తెచ్చాను అన్నావు. నా క్లాసు మొత్తం విరగబడి నవ్వింది. ఎవరావిడ అని అడిగారు. వంటావిడ కూతురు అన్నాను. నిన్ను గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, వాళ్ళందరూ భోజనాలకి వెళ్ళాక వచ్చాను. పరీక్ష ఉందని చెప్పాను. పరీక్షా లేదు, పాడూ లేదు.

అంటే మొదలుపెట్టింది నేనక్కా. నువ్వు ఇరవై రెండేళ్ళు మోశావు, నేను ఇరవై మూడు. పెద్దదానివి కాబట్టి ఒక ఏడాది తగ్గింది అనుకో.

మర్చిపోతే మళ్ళీ నేర్పుతాను. ఆదివారానికల్లా ఆ నలభై అడుగులూ లాగు. లేదంటే మీ మరిదిని వెంటేసుకుని నేనే వచ్చి స్తంభం ఎక్కుతాను.

వంటావిడ రెండో కూతురు

*

నా గడుసు చెల్లికి,

రోజూ తెర మీద చూసుకుంటున్నాం, మళ్ళీ ఉత్తరమేమిటి అంటావు. ఇంత పెద్ద సంగతి చెప్పడానికి నా చేతులకింకా చాతకాదు. నిన్న మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను కదా, ఇది అదే.

మన మొదటి ఆదివారం అయిన మూడు రోజులకి, కొండ మీద ఊరి ఆసుపత్రిలో చివరి కనెక్షను ఇస్తున్నాను. ఆసుపత్రంటే ఒకటే గది. అక్కడ డాక్టరుండడు, నర్సమ్మ ఒక్కతే. డాక్టరుగారు పట్నం నుంచి తెర మీద చూస్తారు. ఆ రోజే మొదలు. మొదటి రోగి మేకలు కాసే పెద్దాయన. పుట్టుకతోనే వినపడదు. నీ బడి లాంటి చెవిటి పిల్లల బళ్ళోనే చదువుకున్నాడట. ఆయన భాష తెలిసింది భార్యకొక్కదానికే, ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆయన కడుపు మీద చెయ్యి పెట్టి ఏదో చెబుతున్నాడు. నర్సమ్మ కడుపునొప్పి అంది. డాక్టరుగారు కడుపు మంటకి మాత్ర రాయబోతున్నారు.

నేను నిచ్చెన మీద ఉన్నాను. ఆయన చెయ్యి కడుపు దగ్గర ఆగడం లేదు. రొమ్ము మీదుగా ఎడమ భుజం దాకా పోయి వస్తోంది. నడవడం, ఎక్కడం అంటున్నాడు. తర్వాత ఇంకో సైగ. అది నీ దగ్గర నేను మూడుసార్లు తప్పు చేసి, నువ్వు నాలుగోసారి దిద్దినది. 'ఆగితే' అని.

దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఎక్కితే నొప్పి, ఆగితే పోతుంది, అంతేనా అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూసిన చూపు నీకు రాసి చూపించలేను. ఆరేళ్ళ మాటలూ ఒక్కసారిగా మొదలుపెట్టాడు. మెల్లగా, మెల్లగా అని బతిమాలుకున్నాను.

"డాక్టరుగారూ, కడుపు కాదండీ" అన్నాను. "కొండెక్కితే గుండెల్లో పట్టేస్తోందట. ఎడమ చేతిలోకి లాగుతోందట. ఆగితే పోతోందట."

డాక్టరుగారు కలం పక్కన పెట్టారు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. మా వ్యానులోనే తీసుకెళ్ళాం. వారం ఉంచుకుని పంపారు. ఇంకొన్నాళ్ళు అలాగే మేకల వెంట ఎక్కి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారట.

నిన్న పొద్దున ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రానిస్తారో లేదో అన్నట్టు బెరుగ్గా నిలబడి, తెర వైపు చూపించాడు. నీకు వీడియో కాల్ చేశాను. అక్కడి నుంచి నీకూ తెలుసు. నీకు తెలియనిది తెర ఇవతలి సంగతి.

మీ ఇద్దరి చేతులూ అంత వేగంగా ఎగురుతుంటే నాకు పదిలో ఒక్క మాట అందింది. మీ బావ టీ గ్లాసులు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఇంట్లో చిన్న శబ్దం లేదు, ఇల్లంతా మాటలే. మధ్యలో నువ్వేదో అన్నావు. పెద్దాయన మోకాళ్ళ మీద కొట్టుకుంటూ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆగలేక ఆయన భుజం తట్టి, ఏమంది, ఏమంది అని అడిగాను. ఆయన నా వైపు తిరక్కుండానే ఒక చెయ్యి ఊపాడు. తర్వాత చెబుతాను, అని.

చిన్నప్పుడు భోజనాల దగ్గర మేమందరం నవ్వుతుంటే నువ్వు నా మోచెయ్యి పట్టి కుదిపి, ఏమిటి, ఏమిటి అని అడిగేదానివి. తర్వాత చెబుతాలే అనేదాన్ని. ఒక్కసారీ చెప్పలేదు. అదెలా ఉంటుందో నిన్న తెలిసింది. బాధ కలగలేదు చెల్లీ. మా ఇంట్లో నాకు అర్థం కాని నవ్వు నిండిపోయి ఉంటే, టీ ఇచ్చి, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.

కానీ ఆయనకి ఏం చెప్పావో ఆదివారం నాకు చెప్పి తీరాలి. మెల్లగా, చేతులు కనబడేట్టు కూర్చుని చెప్పు.

నేర్చుకుంటున్న నీ అక్క