రెండు రోజులకని గ్యారేజీలో పెట్టిన హార్మోనియం

చిట్టీ,

అక్క ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నా కాలు మాత్రం ఒకచోట నిలవడం లేదు. జవాబు రెండు వారాలు ఆలస్యమైంది. కారణం కింద రాస్తాను, కోప్పడకు.

మా ఊరి ఆసుపత్రికే నీకు బదిలీ! ఆ మాట మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి మీ బావకు వినిపించాను. "ఏమోయ్, పొయ్యి మీద పాలు!" అని అరిచారు. పొంగిపోయాయి, పోనీ. ఆరేళ్ల తర్వాత నా చెల్లెలు రెండు వీధుల అవతలికి వస్తుంటే పాలు పొంగితేనేం?

నువ్వడిగినట్టే నీ క్వార్టర్స్ చూసొచ్చాను. ముందు గది చిన్నదే కానీ వెలుతురు బాగుంది. వంటగది కొళాయి కారుతుంటే మీ బావ వాషర్ మార్చారు. ఎదురింటి టీచరమ్మ మహా మాటకారి, నీకు సరిజోడు. నీ మోకాలి నొప్పికి మెట్లెక్కే పని లేదు, కింది అంతస్తే. కిటికీ పక్క గోడను జేనతో కొలిచాను. హార్మోనియం సరిగ్గా పడుతుంది.

అమ్మ హార్మోనియం ఎలా ఉందని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఇంట్లోనే భద్రంగా ఉందని నేను ప్రతిసారీ రాస్తాను. చిట్టీ, ఎదురుగా చెప్పే ధైర్యం లేక నువ్వు బయలుదేరకముందే రాస్తున్నాను. అది రెండేళ్లుగా గ్యారేజీలో ఉంది.

గోడలకు రంగులేయించినప్పుడు, రెండు రోజులకని, నువ్వు మా ఇంట్లో వదిలివెళ్లిన పెట్టెతో పాటు అక్కడ పెట్టాం. అలాగే ఉండిపోయింది. గ్యారేజీ కూడా ఇంట్లో భాగమేగా, అబద్ధం ఎలా అవుతుందని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ప్రార్థనకు కూర్చుని కళ్లు మూసుకుంటే మాత్రం ఆ గ్యారేజీ రేకుల కప్పే కనబడేది.

నీ కబురు వచ్చిన రోజే తలుపు తీశాం. నీ పెట్టెలో కొవ్వొత్తులన్నీ కరిగి ఒకటే ముద్ద. నీ తెల్ల బూట్లు ఎత్తితే పైభాగాలే చేతికొచ్చాయి, అడుగులు పెట్టెలోనే ఉండిపోయాయి. దుప్పట్లలో ఎలుకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా పెంచినట్టున్నాయి. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోతే స్టూడియో అతను నానబెట్టి విడదీశాడు. నాలుగు పోయాయి. అమ్మది దక్కింది.

హార్మోనియం మూత తీసి ఒక మెట్టు నొక్కాను. దిగింది, పైకి రాలేదు. ఇంకోటి నొక్కాను. అదీ అంతే. తిత్తి కదిపితే ఎలుకలు కొరికిన చిల్లులోంచి గాలి బుస్సుమంది. అక్కడే కూలబడి ఏడ్చాను. "ఈ గ్యారేజీలో ఉంచదగినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే" అని మీ బావ నవ్వించబోయారు. నవ్వు రాలేదు.

వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు మోసుకెళ్లి సంగతంతా చెప్పాం. ఆయన చెక్కను వేలితో తట్టి చూశాడు.

"ఎండాకాలం రేకుల కింద పది నిమిషాలు నిలబడగలరా అమ్మా?"

"లేనండీ."

"మరి దీన్ని రెండేళ్లు ఎలా ఉంచారు?"

కొంగుతో దాని దుమ్ము తుడవబోతే కన్నీళ్లు దాని మీదే పడ్డాయి. ఆయనే మెత్తబడి, "పది రోజులివ్వండి. ఇక దాని మీద పడి ఏడవకండి, ఉన్న తడి చాలు" అన్నాడు.

నిన్న వెళ్లాం. కొత్త తిత్తి వేశాడు, లోపల పలికే ఇత్తడి రీడ్ల చిలుము వదలగొట్టాడు. వాయించి చూపించాడు. చిట్టీ, అదే గొంతు! నేను కూర్చుని, సాయంత్రాలు అమ్మ పాడే ప్రార్థన అందుకున్నాను. ఎక్కడో తేడా. మళ్లీ వాయించాను. అప్పుడు తెలిసింది. ఎడమ నుంచి తొమ్మిదో తెల్ల మెట్టు గుర్తుందా? నొక్కితే దిగిపోయి, మూలుగుతూ ఉండిపోయేది. అమ్మ పాట ఆపకుండానే చిటికెన వేలితో పైకి మీటేది. మనం నోళ్లు మూసుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన దాన్నీ బాగుచేసేశాడు.

"ఆ ఒక్కటీ పాతలాగే చేస్తారా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. బాగైనదాన్ని చెడగొట్టమన్నది మీరొక్కరే తల్లీ. ఎంత చెడగొట్టమంటారు?"

"చిటికెన వేలికి లేచేటంత."

ఇప్పుడది మా ముందు గదిలో, ఎండ తగలని గోడ పక్కన ఉంది. 'పార, నిచ్చెన, సైకిలు తప్ప ఏదీ లోపలికి రాకూడదు' అని మీ బావ గ్యారేజీ తలుపుకు అట్ట తగిలించారు. ఉత్తరాల్లో నీకు అబద్ధం రాశాను. తిట్టే హక్కు నీది. కానీ గుమ్మంలోకి రాగానే ముందు ఆ తొమ్మిదో మెట్టు నొక్కు, తర్వాత తిట్టు. ఇంటికి తెచ్చాక నేను దాన్ని ముట్టుకోలేదు. మొదటిసారి మీటాల్సింది నువ్వే.

ఇట్లు,
గురువారం నీ బండి కంటే ముందే స్టేషన్‌కు చేరిపోయే
నీ అక్క