దీపం కొండెక్కేదాకా

మస్కట్
శుక్రవారం ఉదయం

ప్రియమైన అక్కకి,

చెల్లెలు శ్రావణి నమస్కారాలు. నేను బాగున్నాను. ఫోనులో అలవాటుగా అనే "బాగున్నాను" కాదు, నిజంగానే బాగున్నాను. నువ్వు, బావగారు, చింటూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? కొత్తపేటలో అమ్మ షుగరు పరీక్ష చేయించుకుందో లేదో నువ్వే కనుక్కుని నిజం రాయి. తనని అడిగితే "నాకేం, రాయిలా ఉన్నాను" అంటుంది.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని బావగారు నవ్వుతారని తెలుసు. నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరు పెడతావక్కా. అత్తయ్యగారు, పక్కింటివాళ్ళు, పాలు తెచ్చినాయన, అందరూ చుట్టూ చేరి "మస్కట్ అమ్మాయేనా?" అంటారు. అంతమందిలో నేనేం చెప్పను? తిన్నాను, పడుకున్నాను, ఉంటాను అని చెప్పి పెట్టేస్తాను. ఈసారి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. మా పక్క బిల్డింగులో ఉండే మలికిపురం ఆయన సెలవు మీద వస్తున్నారు. ఆయన చేతికి ఈ ఉత్తరం, ఒక చిన్న పార్సిలు ఇస్తున్నాను.

ముందు పార్సిలు సంగతి. అందులో ఎర్ర సంచి ఒకటి ఉంటుంది. లోపల ఉన్నది దుప్పటే, కానీ కప్పుకునేది కాదు. బీరువాలో దాచుకునేదీ కాదు. వంటింటి తలుపు పక్కన మేకుకి తగిలించు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకు, మంట ఎగిసిపడుతుంది. పొయ్యి కట్టేసి, ఈ దుప్పటి బాణలి మీద పూర్తిగా కప్పి, బాగా చల్లారేదాకా తీయకు. చలికాలం మోకాళ్ళ మీద వేసుకుంటానని మామయ్యగారు అడిగితే ఇవ్వకు. చింటూ దాన్ని కట్టుకుని రాజుగారి వేషం వేస్తానన్నా ఇవ్వకు.

ఇవన్నీ నాకు ఎప్పటి నుంచి తెలుసా అనుకుంటున్నావా? ఆఫీసులో ఇప్పుడు నన్ను ఇంటి బీమా చూసే చోట కూర్చోబెట్టారు. నష్టం జరిగిన ఇళ్ళ గురించి మావాళ్ళు వెళ్ళి చూసి వచ్చి చెప్పినవన్నీ నేను ఇంగ్లీషులో శుభ్రంగా రాసిపెట్టాలి. కాన్వెంటులో మదర్ గారు కొట్టి మరీ నేర్పిన ఇంగ్లీషు ఇన్నాళ్ళకి అన్నం పెడుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలిన కర్టెన్లు, కరిగిన ప్లగ్గులు, ఇస్త్రీపెట్టె కట్టెయ్యకుండా ఫోనులో పడిపోయిన ఇల్లాళ్ళు. మొదట్లో దిగులేసేది. తర్వాత ఒక విషయం పట్టుబడింది. వీటిలో పెద్ద తప్పులు చేసినవాళ్ళు తక్కువ. అందరివీ చిన్న అలవాట్లే. అది తెలిశాక నాకు ఆఫీసంటే భలే ఇష్టం పుట్టింది. ఇంటికి వచ్చి మా గదులని కొత్తగా చూడటం మొదలుపెట్టాను.

చూస్తే ఏముంది! మా వంటింటి కప్పుకి, పొగ వస్తే కూత పెట్టే గుండ్రటి యంత్రం ఒకటి ఉంది. దానికి తలస్నానం చేసేటప్పుడు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంది. నాతో ఉండే దుర్గ పని అది. దుర్గది ముమ్మిడివరం, ఇక్కడ బ్యూటీ పార్లర్లో చేస్తుంది.

"దానికి టోపీ ఎందుకు?" అని అడిగాను.

"జలుబు చేస్తదని," అంది. "ఎండుమిరపకాయ వేగితే చాలు, చంటిపిల్లలా ఏడుస్తది. మనం పోపు వేసుకోవాలా, దాన్ని జోకొట్టాలా?"

ఆమె లేనప్పుడు స్టూలు వేసుకుని టోపీ తీసేశాను. చెప్పే ధైర్యం లేక చెప్పలేదు. ఆ సాయంత్రం దుర్గ పులిహోరకి పోపు పెట్టింది. ఇక చూడు అక్కా, ఆ కూతకి అంతస్తు అంతస్తూ మెట్ల మీదకి వచ్చేసింది. ఒకాయన ముఖం నిండా గడ్డం సబ్బుతోనే దిగాడు. దుర్గ చేతిలో అట్లకాడ అలాగే ఉంది. "నీ బీమా బంగారంగానూ! పోపుకి కూడా సాక్షుల్ని పిలిచేవు కదే!" అని అరిచింది. నేను గోడకి అతుక్కుపోయాను. మంచే జరిగింది. బిల్డింగు మనిషి వచ్చి చూసి, వంటింట్లో ఉండాల్సింది ఇది కాదని, పొగకి కాకుండా విపరీతమైన వేడికి మాత్రమే కూసేది బిగించాడు. పొగకి కూసేదాన్ని గదుల ముందు నడవలోకి మార్చాడు. ఇప్పుడు పోపు పోపే, కాపలా కాపలాయే. దుర్గ నన్ను "ఫైరింజను" అని పిలుస్తోంది.

ఇదంతా నవ్వులాట. అసలు సంగతి ఆదిలక్ష్మి పిన్నిగారిది.

ఆవిడ మాతో ఉండే మూడో మనిషి. ఊరు అంతర్వేది. భర్త సముద్రం మీద వేటకి వెళతారు. ఈవిడ ఇక్కడ ఒక ఇంట్లో వంట చేస్తారు. నాకు జ్వరం వచ్చినప్పుడు మిరియాల చారు కాచి, తలకి తడిగుడ్డ వేసి, పక్కన కూర్చున్నది ఆవిడే. తెల్లవారగానే స్నానం చేసి, బట్టల అలమారాలో మధ్య అరలో ఉన్న స్వామి పటం ముందు కుందిలో నిండుగా నూనె పోసి దీపం పెడతారు. దణ్ణం పెట్టుకుని, అలమారా తలుపు మూసి, పనికి వెళ్ళిపోతారు. లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది. పై అరలో చీరలు. చెక్క అలమారా. మన పూజగది ఇరుకుగా ఉన్నా చుట్టూ సిమెంటు గోడలుంటాయి కదా, ఇక్కడ చీరలే గోడలు.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను, "పిన్నిగారూ, బయల్దేరేటప్పుడు దీపం పువ్వుతో ఘనం చేసి వెళితే బాగుంటుందేమో. నిప్పు కదండీ, ప్రమాదం" అని.

ఆవిడ ముఖం మారిపోయింది. "దీపం దగ్గర నిలబడి ఆ మాటేంటమ్మా? తథాస్తు దేవతలుంటారు. అది దానంతటది కొండెక్కాలి. మనిషి చెయ్యి పడకూడదు" అన్నారు. ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేశారు. కూర ఎప్పటిలాగే నా గిన్నెలో పెడతారు, కానీ ఉప్పు సరిపోయిందా అని అడగరు. అందుకు నాకు బాగా బాధ వేసింది.

మళ్ళీ చెప్పలేను. చెప్పకుండా ఊరుకోనూ లేను. మా ముగ్గురి సామానుకీ ఇంటి బీమా తీసుకోవాలని ఉండేది. అందులో ఇంట్లో నిప్పు వదిలి బయటికి వెళతారా అని అడుగుతారు. లేదు అని రాయడానికి నా చెయ్యి ఆడదు. అయినా అలమారా కాలితే బీమా చీరలిస్తుంది, పక్క గదిలో నిద్రపోతున్న దుర్గని ఇవ్వదు కదా.

అందుకని కాపలా కూర్చున్నాను. పిన్నిగారు వెళ్ళగానే అలమారా తలుపు తెరిచి, గాలి తగలకుండా ఏసీ కట్టేసి, గచ్చు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని, దీపం దానంతటది కొండెక్కేదాకా. ఇక్కడ పొద్దున్నే కూడా గాలి ఇస్త్రీపెట్టె ఆవిరిలా ఉంటుంది. చెమటకి పుస్తకం పేజీలు వేళ్ళకి అంటుకునేవి. ఆఫీసుకి రోజూ ఆలస్యం. మా మేనేజరు గారు మలయాళీ ఆయన. ఒకరోజు కారణం అడిగితే, ఇంకేం తోచక ఉన్నది చెప్పాను. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఇలాంటి ఎర్ర సంచి ఒకటి తెచ్చి చేతికిచ్చారు. "ఊరికే చూస్తూ కూర్చుంటే ఎలా? ఇది దగ్గర పెట్టుకో" అన్నారు. నీకు పంపుతున్నది అది చూసి కొన్నదే.

పోయిన వారం పిన్నిగారు ఫోను మర్చిపోయి వెనక్కి వచ్చారు. నేను అలమారా ఎదురుగా, ఒళ్ళో ఎర్ర సంచితో, తడిసి ముద్దయి ఉన్నాను.

"ఏంటమ్మా ఇది?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఏసీ కట్టేసి ఈ చెమటలేంటి? ఆఫీసుకెళ్ళవా?"

"దీపం కొండెక్కాక వెళతానండీ."

"రోజూనా?"

తల ఊపాను. ఆవిడ నన్ను చూశారు, దీపాన్ని చూశారు. అది నిటారుగా వెలుగుతోంది.

"తలుపెందుకు తీసేవు?"

"పై చెక్క కింద చెయ్యి పెట్టి చూడండి."

పెట్టి, చటుక్కున తీసేశారు. వేళ్ళకి మసి. చెక్క అడుగున అరచేయంత మేర నల్లగా మాడి ఉంది. ఆవిడ ఆ మసిని కొంగుకి తుడుచుకున్నారు. తర్వాత నా పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయారు.

"తలుపు ఊరికే మూయలేదమ్మా. ఒకసారి ఈ ఏసీ గాలికి దీపం కొండెక్కేసింది. ఆ రోజే మా ఆయన బోటు ఇంజను ఆగిపోయింది. రాత్రంతా ఎటు కొట్టుకుపోయేరో తెలీదు. తెల్లారేక ఇంకో బోటోళ్ళు లాక్కొచ్చేరు. అప్పట్నుంచి భయం. నేనిక్కడ ఉండి ఆయనకేం చెయ్యగలను? ఈ దీపం ఒక్కటే కదా నా చేతిలో ఉంది."

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అడిగేశాను. "బాబాయిగారికి లైఫ్ జాకెట్టు లేదా అండీ?"

"ఎందుకు లేదూ? ఉంది. బోటులో తలకింద పెట్టుకుని పడుకుంటారు."

ఆవిడ మామూలుగానే అన్నారు. అన్నాక ఆవిడకే వినపడింది. ముందు నేను నవ్వానో ఆవిడ నవ్వారో తెలియదు. దుర్గ నిద్ర లేచి వచ్చి "పొద్దున్నే ఏంటీ ఇకఇకలు?" అని విసుక్కుంది.

పిన్నిగారు అప్పటికప్పుడే ఫోను చేశారు. అదీ స్పీకరులోనే!

"ఏవండీ, మీరు జాకెట్టు తొడుక్కోవాలి."

"ఏ జాకెట్టు?"

"తలకింద పెట్టుకునేది."

అటు నుంచి పెద్ద నవ్వు. "అది తొడుక్కుని వల లాగడం అవదే. పైగా మనోళ్ళు పెళ్ళికొడుకంటారు."

"అననీండి. పెళ్ళికూతురు నేనే కదా, నాకేం ఇబ్బంది లేదు. ఇంకోటి. ప్రమాద బీమా ఉందంటగా వేటకెళ్ళేవాళ్ళకి, అదీ కట్టండి."

"పొద్దున్నే అదేం మాటే? తథాస్తు దేవతలుంటారు!"

"నేనూ ఈ అమ్మాయితో అదే అన్నాను. మంచిమాటక్కూడా ఆళ్ళు తథాస్తనే అంటారుగా? మా ఆయన ఒడ్డుకొస్తాడు అని నేనంటున్నాను. అననీండి ఆళ్ళని."

ఆయన, "ఆ అమ్మాయి పక్కనుందా? ఆయ్, అలాగేనని చెప్పు" అన్నారు.

మాటలు సరే, పిన్నిగారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. దీపం తొందరగా కొండెక్కేలా నూనె తగ్గించమంటే, జాకెట్టు తొడుక్కున్న ఫోటో కళ్ళారా చూసేదాకా కుందిలో చుక్క కూడా తగ్గించనన్నారు. దీపాన్ని మాత్రం వంటింటి రాతి గట్టు మీదకి, వెడల్పాటి స్టీలు పళ్ళెంలోకి మార్చడానికి ఒప్పుకున్నారు. అంటే నా కాపలా తప్పలేదు, అలమారా నుంచి గట్టుకి బదిలీ అయ్యింది, అంతే.

ఫోటో రావడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ నాలుగైదు రోజులూ నాకు పరీక్షా ఫలితాల ముందులా ఉంది. మొన్న వచ్చింది అక్కా! ఒడ్డున బోటు పక్కన, పైకి మడిచి కట్టిన లుంగీ మీద నారింజరంగు జాకెట్టు, మెడ బిగబట్టి నిలబడ్డారు. వెనక నలుగురు పళ్ళికిలించి నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళలో ఒకరు కూడా జాకెట్టు తొడిగేశారు, ఎందుకో మరి. బీమాకి కూడా పేరు ఇచ్చి వచ్చానని చెప్పారు. పిన్నిగారు ఫోటోని పెద్దది చేసి, కొక్కేలన్నీ పెట్టుకున్నారా లేదా అని ఒక్కొక్కటే చూశారు. "కింది కొక్కెం పెట్టలేదు" అని మళ్ళీ ఫోను చేసి తిట్టారు.

నిన్న పొద్దున్న కుందిలో సగమే నూనె పోశారు. దీపం కొండెక్కేదాకా ఇద్దరం గట్టు దగ్గరే నిలబడి కాఫీ తాగాం. కూరలో ఉప్పు సరిపోయిందా అని రాత్రి అడిగారు. ఇవాళ కూడా అడిగారు, కాఫీకి!

మా ఇంటి బీమా కూడా వచ్చింది. అన్ని ప్రశ్నలకీ నిజమే రాశాను. అందులో నా పేరు చూసుకుంటే, చిన్నప్పుడు కొత్త పుస్తకం మీద పేరు రాసుకున్నంత సంతోషంగా ఉంది. ఇల్లు మాది కాదు, సామాను పెద్దదేం కాదు, అయినా ఇక్కడ నాకంటూ ఒక ఇల్లుందని మొదటిసారి అనిపించింది. నువ్వు దిగులు పడకు. నేను వేళకి తింటున్నాను, నిద్రపోతున్నాను. మామిడితాండ్ర పంపితే రెండు చుట్టలు పంపు, ఒకటి దుర్గ ఎలాగూ దొంగిలిస్తుంది.

నీకు ఒకే పని. గ్యాసు గొట్టం మార్చి ఎన్నాళ్ళయిందో చూడు. పడుకునే ముందు సిలిండరు దగ్గర కట్టెయ్యి. అది ఒకటే పని అన్నాను కదా, ఇంకొకటి కూడా ఉంది, ఇది పిన్నిగారి మాట. బావగారు హెల్మెట్టుని బండి అద్దానికి తగిలించి తిప్పుతారని, పోలీసులు కనపడ్డ చోట మాత్రం తల మీదకి ఎక్కిస్తారని నేను నోరు జారి చెప్పేశాను. "మా ఆయన తొడుక్కున్నారు, మీ బావగారికేం వచ్చింది?" అని కూర్చున్నారు. పట్టీ బిగించిన ఫోటో పంపేదాకా బావగారి పేర కూడా ఒక దీపం పెడతారట, కుంది నిండా నూనె పోసి. దాని దగ్గర కాపలా నాదే అక్కా. నా మీద దయ ఉంచి ఫోటో తొందరగా పంపించమని చెప్పు.

అత్తయ్యగారికి, మామయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. అమ్మానాన్నలకి ఈ ఉత్తరం చదివి వినిపించు, నాన్నగారికి వంటింటి దుప్పటి సంగతి రెండుసార్లు చెప్పు. చింటూకి ముద్దులు. పెద్దలందరూ అక్కడి నుంచే నా తల మీద చెయ్యి వేసి దీవించండి, ఇక్కడ నాకు తెలుస్తుంది.

మీ ఇంటి పిల్ల,
శ్రావణి