బొగ్గి ఆగదు

భూపాలపల్లి,
బుధవారం.

ప్రేమ్‌సింగ్ అన్నకు,

చెల్లెలు జమున దండాలు. ఇక్కడ బాబాయి ఇంట్లో అందరం బాగున్నాం, తండాలో అమ్మా నాయినా బాగున్నారు. ఆ మంచుకొండల్లో నువ్వు కూడా కడుపు నిండా తిని, ఒళ్లు వెచ్చగా ఉంచుకుంటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకు చేరింది. మీ పోస్టు దగ్గర ఫోన్లు పనిచెయ్యకపోవడం ఈసారి నాకే మంచిదైంది. ఎందుకో చివర్లో చెబుతాను.

"కుక్కకు పోటీలేందే, అదేమన్న సదువుకున్నదా?" అని రాశావు. నవ్వకు. కట్టెల మీదుగా దూకాలి, పొడుగాటి గుడ్డ గొట్టంలో దూరి అవతల తేలాలి, ఏటవాలు పలక ఎక్కి దిగాలి. తప్పుల్లేకుండా ఎవరు తొందరగా ముగిస్తే వాళ్లదే గెలుపు. వెంట పరుగెత్తుతూ దారి చూపించేది మనమే. ధర్మేందర్ సార్ పోలీసు కుక్కలకు తర్ఫీదు ఇచ్చి రిటైరయ్యారు. గని క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో ప్లాస్టిక్ పైపులు పాతి నాకు నేర్పిస్తున్నారు. నేను డిగ్రీ క్లాసులు అయిపోగానే అక్కడికే ఉరుకుతాను. హైదరాబాదులో పోటీ వచ్చే ఆదివారమే.

బొగ్గి ఎలా ఉందని అడిగావు. ఉచ్చులో దొరికిన కుక్కను నేను వైద్యానికని తండా నుంచి ఇక్కడికి తెస్తే, బొగ్గుగనిలో డ్యూటీ దిగి వచ్చిన బాబాయి "నాకంటే నల్లగున్నదే" అని పేరు పెట్టాడని రాశాను కదా. నడుము చుట్టూ వెంట్రుకలు ఇంకా రాలేదు గానీ మిగతా ఒళ్లంతా నిగనిగలాడుతోంది. ఎవరో ఆఫీసరు గారి లాబ్రడార్ గొట్టం ముందు నిలబడి ఆలోచించే లోపు మనది రెండుసార్లు దూరి వస్తుంది. అంత వచ్చీ ఏం లాభం? ఆట మొదలుకాకముందే ఓడిపోతోంది.

ముందుగా కుక్కను గీత దగ్గర కూర్చోబెట్టాలి. "ఆగు" అని చెప్పి, మనం రెండు మూడు కట్టెలు దాటి వెళ్లి, అక్కడి నుంచి పిలవాలి. అంతే. నాలుగు నెలలుగా అది ఈ ఒక్క పనీ చెయ్యదు. బుద్ధిగా కూర్చుంటుంది, చెవులు నిలబెడుతుంది. నేను అటు తిరిగి ఒక్క అడుగు వేశానో లేదో ఏడుపు. క్వార్టర్ల ఆడవాళ్లు పిట్టగోడల మీంచి తొంగి చూసేంత ఏడుపు. వచ్చి నా కాళ్లకు చుట్టుకుంటుంది. బిస్కెట్లు పెట్టాను, కోడికూర పెట్టాను, బతిమాలాను. మొన్న సోమవారం ఒళ్లు మండి, గట్టిగా అరిచి తాడు నేలకేసి కొట్టాను. అది వణికిపోతూ కింద పడుకుని నేలంతా తడిపేసింది. నేనూ అక్కడే కూలబడి ఏడ్చాను.

"పక్కపక్కనే ఉరుకుతం సార్, ఇడిసిపెట్టి పోను" అన్నాను.

"అది నీకంటే జోరుగ ఉరుకుతది. మొదలే నువ్వు ఎనకవడ్తవు" అన్నారు సార్. తర్వాత నా పక్కనే కూర్చున్నారు. "జమునా, గిది దుంకుడుకు భయపడ్తలేదు బిడ్డా. నీ ఈపు జూసి భయపడ్తాంది. దీన్ని ఎవలో ఇడిసిపెట్టి పోయిండ్రు. ముందుగాల ఏమైంది దీనికి?"

"తెల్వదు సార్" అన్నాను.

మంగ్యా కాకను తండాలో ఇంకా దెప్పుతున్నారా అని అడిగావు. దెప్పుతూనే ఉన్నారు. మన మక్కచేను పక్కన ఆయన చేనే కాబట్టి, అడవిపందులకు పెట్టిన ఆ ఉచ్చు ఆయనదేనని తండా పెద్ద నాయక్ పంచాయతీలో తేల్చేశారు కదా. సీత్లా పండుగకు, రోగాలు రావొద్దని తండా పశువులను అమ్మవారి ముందు దాటించే పని ఏటా కాకదే. నోరులేని జీవాన్ని ఉచ్చులో వదిలేసినవాడు పశువుల ముందు నిలబడొద్దని ఈ ఏడు ఆయన్ని పక్కకు జరిపారు. ఆయన కూడా, "నేను గూడ నాలుగు వెట్టిన, నాదే అయ్యుంటది" అని తల వంచుకున్నాడు. అప్పటినుంచి నెలకోసారి రెండు బస్సులు మారి వచ్చి, టిఫిన్ డబ్బాలో తెచ్చిన ఉడికిన గుడ్లు బొగ్గికి తినిపించి పోతున్నాడు.

అన్నా, ఇక దాచలేను. ఆ ఉచ్చు మంగ్యా కాకది కాదు, నాది. నువ్వు సెలవుకు వచ్చినప్పుడు క్లచ్ వైరుతో ముడి వెయ్యడం చూపించావు, అదే ముడి. పందులు కంకులన్నీ విరిచేస్తుంటే నాయినకు చెప్పకుండా గట్టు సందులో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూస్తే, నడుముకు వైరు బిగుసుకుని ఈ కుక్క. నన్ను చూసి తోక ఊపింది. అప్పుడే అవతలి గట్టు మీద ఫారెస్టోళ్లు ఇద్దరు వస్తూ కనిపించారు. మనది అడవి కొట్టి చేసుకున్న పట్టా లేని పోడు భూమి. కేసయితే చేనే పోతుందని భయపడ్డాను. వెనక్కి తిరిగి ఇంటికి నడిచాను. అది అరుస్తూనే ఉంది, నేను తిరిగి చూడలేదు. పొద్దుగూకే వేళకు కటింగ్ ప్లేయరు పట్టుకుపోయి వైరు తెంపాను. అందరూ నేనే కాపాడానన్నారు. నేను కాదనలేదు.

నిన్న కాక నేను బొగ్గికి నేర్పించే జాగాకే వచ్చాడు. గుడ్డు పొట్టు తీస్తుంటే చెప్పేశాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"మరి గా దినమే ఎందుకు జెప్పలేదే బిడ్డా?"

"భయమైంది కాకా."

"గప్పటిసంది నా కోడెల మొకం గూడ సక్కగ జూస్తలేనే. నేనే జేసిన్ననుకున్న."

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగిలిన గుడ్డు బొగ్గికి పెట్టి, డబ్బా మూసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

ఆదివారం నేను హైదరాబాదు పోవడం లేదు. ఆ రోజు తండాలో అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. ముందు అమ్మానాయినలకు, తర్వాత నాయక్ ముందు నిలబడి అందరికీ చెబుతాను. ఈ ఉత్తరం నీకు చేరేలోపే అంతా అయిపోతుంది, ఫోన్ చేసి వద్దనడానికి నీకు వీలుండదు. నాలుగు నెలల కష్టం బూడిదలో పోశావని సార్ తల పట్టుకున్నారు. నాకూ ఏడుపొస్తోంది. చేను సంగతి ఏమవుతుందో తెలియదు. ఆ ముడి నువ్వు నేర్పావని మాత్రం చెప్పను. చేతులు నావి.

బొగ్గిని కూడా తీసుకుపోతున్నాను. కాక అడిగితే ఆయనకే ఇచ్చేస్తాను. నిన్న ఆయన బస్టాండు వైపు పోతుంటే అది గీత దగ్గరే కూర్చుని చూసింది. ఏడవలేదన్నా. ఆయన మళ్లీ వస్తాడని దానికి తెలుసు.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడే నీ చెల్లెలు,
జమున.