నన్ను వెక్కిరించే మనిషిని నాకు తిరిగి ఇప్పించండి

అడిలైడ్,
గురువారం.

టెలివిజన్ కేంద్రం హాస్య విభాగంలో సిబ్బంది విచారణాధికారి అయిన శ్రీ గ్రాంట్ విల్మాట్ గారి సముఖమునకు, "బార్నీ చేపల కొట్టు" ధారావాహికలో కెల్విన్ వేషం వేయుచున్న రోరీ పెంబర్తీ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా తరఫున, నన్ను అడగకుండా, నాకు జరగని అవమానం గురించి దాఖలైన ఫిర్యాదును కొట్టివేసి, సెట్టు పనివాడు డారెల్ కౌలీని తిరిగి పనిలోకి తీసుకొనుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

విచారణ రోజున ఇదంతా తమ గదిలో నోటితోనే చెప్పవలసినది. చెప్పలేకపోయాను. తప్పు తమది కాదని మర్యాదకు అనాలి గానీ, తప్పు తమదే. పుట్టినప్పటి నుంచీ నా కాళ్ళూ చేతులూ నాలుకా నా మాట వినవు. నేను ఒక వాక్యం పూర్తి చేయాలంటే అవతలి మనిషికి ఓపిక ఉండాలి. "అతని ప్రవర్తన మీకు బాధ కలిగించిందా?" అని తమరు అడిగారు. నేను జవాబు మొదలుపెట్టాను. మెడ పక్కకు తిరిగింది, దవడ బిగుసుకుంది. మాట వచ్చే ముందు నాకు ఎప్పుడూ జరిగేదే అది. తమరు చెయ్యెత్తి, "వద్దు రోరీ గారూ, వద్దు. చెప్పడానికే ఇంత నరకం పడుతున్నారంటే మాకు అర్థమైపోయింది" అన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు. పక్కనున్న గుమాస్తా గారు అదే రాసుకున్నారు. నేను చెప్పబోయింది "లేదు" అని. ఆ మాట నా నోటి నుంచి బయటపడేసరికి తమరు తలుపు తెరిచి పట్టుకొని, నన్ను సాగనంపడానికి నిలబడి ఉన్నారు.

అందుచేత ఈ అర్జీని ఒంటి వేలితో కొట్టి పంపుకుంటున్నాను. కాగితం మీద నా వాక్యాన్ని ఇంకొకరు పూర్తిచేయలేరు.

1. డారెల్ కౌలీ నన్ను "రాకెట్" అని పిలిచేవాడన్నది మొదటి అభియోగం. నిజమే, పిలిచేవాడు. మన దగ్గర బట్టతలవాణ్ణి "ఉంగరాల జుట్టు" అంటారు, ఆరడుగులవాణ్ణి "పొట్టి" అంటారు, ఎర్రజుట్టువాడు పుట్టిన మర్నాటి నుంచి పోయేదాకా "నీలం" గానే బతుకుతాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తమకు ఇది నేను చెప్పాలా? పూర్తి పేరుతో, నెమ్మదిగా, నవ్వుతూ పిలిచేవాళ్ళు మనకెవరు? బ్యాంకువాళ్ళు, పోలీసులు, శవపేటికలు అమ్మేవాళ్ళు. నన్ను బడిలోనూ అలాగే పిలిచారు, ఆసుపత్రిలోనూ అలాగే పిలిచారు. నలభై దాటాక నాకు మొదటిసారి ఒక వెక్కిరింత పేరు దొరికింది. దానికి నేను ఎంత పొంగిపోయానో చెబితే తమకు నవ్వొస్తుంది. తమ నివేదికలో దాన్ని "దూషణ" అని పేర్కొన్నారు.

2. పనివేళల్లో అతను నన్ను హేళన చేసేవాడన్నది రెండవ అభియోగం. అదీ నిజమే. అతని పని సెట్టు మీద బల్లలూ గోడలూ జరపడం. నేను నా చక్రాల కుర్చీ కదిపితే చాలు, అరిచేవాడు:

"జరగండ్రా, జరగండి! రాకెట్టు బయల్దేరింది! ఒరే, నువ్వా తలుపు దగ్గరికొచ్చేసరికి ఈ సీరియలు అయిపోయి, మళ్ళీ మొదటినుంచి వేసేస్తార్రా!"

ఒకసారి నేను తిరిగి అన్నాను. "నీ... పొట్ట... జరిపితే... కదరా... తలుపు... కనపడేది." ఆ మాట అయ్యేంతవరకూ అతను బల్ల చేతుల్లో పట్టుకొనే నిలబడ్డాడు. కింద పెట్టలేదు. మాట అందించలేదు. గడియారం చూడలేదు. అంతా అయ్యాక, "ఇంతసేపు మోయించింది దీనికా? నడుం పడిపోయిందిరా వెధవా!" అన్నాడు. అయ్యా, మర్యాద మీద తమరు మా అందరికీ ఒక పూట తరగతి పెట్టించారు. నేనూ కూర్చుని విన్నాను. ఆ తరగతి చెప్పిన ఆవిడ కూడా నా ప్రశ్నకు మధ్యలోనే జవాబిచ్చేశారు.

3. ఇక చక్రాల కుర్చీ లాక్కున్న సంఘటన. మధ్యాహ్నం భోజనాల వేళ. నేను సెట్టు మీదున్న సోఫాలో పడుకుని ఉన్నాను. డారెల్ నా టోపీ పెట్టుకుని, నా కుర్చీలో కూర్చుని, బఠానీ సూపులో తేలే మాంసపు రొట్టె గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చేపల కౌంటరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నా కుర్చీ మీట చాలా సున్నితం, ముట్టుకుంటే ఉరుకుతుంది. "ఒరే, దీని బ్రేకు ఎక్కడ చచ్చిందిరా!" అంటూ వెళ్ళి ప్లాస్టరు చేపను గుద్దుకున్నాడు. సూపంతా ఒంటి మీద పడింది. నేను నవ్వాను.

ఇక్కడే చిక్కు. నేను నవ్వితే ఏడ్చినట్టు ఉంటుంది. మొహం ముడుచుకుపోతుంది, కళ్ళవెంట నీళ్ళు కారతాయి, గొంతు లోంచి మూలుగు వస్తుంది. ఆ సంగతి మా అమ్మకు తెలుసు. అమ్మ పోయాక డారెల్‌కు తెలుసు. సరిగ్గా ఆ సమయానికి కుమారి ఇమోజెన్ టేట్ లోపలికి వచ్చారు. మాబోటివాళ్ళను తెర మీద గౌరవంగా చూపించడం కోసం తమరు కొత్తగా నియమించిన సలహాదారు ఆవిడ. భారీ మనిషి ఒకడు అవిటివాడి కుర్చీ లాక్కుని ఊరేగుతున్నాడు, అవిటివాడు సోఫాలో పడి ఏడుస్తున్నాడు. ఆవిడకు కనిపించింది అంతే. పరుగున వచ్చి నన్ను కౌగిలించుకుని భోరుమన్నారు. నా మొహం ఆవిడ భుజంలో కూరుకుపోయింది. ఆ స్థితి తలచుకుని నాకు ఇంకా నవ్వొచ్చింది. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చారు. నా తరఫున ఫిర్యాదు రాసిందీ ఆవిడే. ఆవిడ మంచి మనిషి. ఆవిడ మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

4. డారెల్‌ను పంపేసిన మరుసటి వారం నుంచి నా పాత్ర కూడా మారినది. మునుపు కెల్విన్ గిరాకీల పళ్ళేల్లో ఆలుగడ్డ వేపుళ్ళు దొంగిలించేవాడు. పేకాటలో మోసం చేసేవాడు. కొట్టు నడిపే అక్క బార్నీతో అబద్ధాలాడి, దొరికిపోయి, కాళ్ళు నొప్పులని మూలిగేవాడు. జనం పగలబడి నవ్వేవారు. ఇప్పుడు కెల్విన్ దొంగతనం మానేశాడు. కిటికీ దగ్గర కూర్చుని సముద్రం వైపు చూస్తూ, "అల వెనక్కి వెళ్ళేది తిరిగి రావడానికే" అంటాడు. వెనకాల పియానో వాయిస్తారు. దాని అర్థమేమిటని రచయితలను చీటీ రాసి అడిగాను. నా ప్రశ్న చాలా లోతుగా ఉందని చప్పట్లు కొట్టారు. ఒక హాస్య ధారావాహికలో నవ్వు పుట్టించని ఉద్యోగం ఒకటే ఉంటే, అది నాకిచ్చారు.

5. కిందటి చిత్రీకరణలో నేను క్రమశిక్షణ తప్పిన మాట వాస్తవం. సంజాయిషీ ఇది. అల డైలాగు చెప్పవలసిన చోట, చెప్పకుండా, కుర్చీలోంచి మైదాపిండి తొట్టిలోకి పడ్డాను. జారి పడలేదు, కావాలని పడ్డాను. ఆ పడే పద్ధతి నేనూ డారెల్ కలిసి పరుపు మీద నెలల తరబడి సాధన చేసినది. పడటంలో నాకున్న అనుభవం ఈ దేశంలో ఏ హాస్యనటుడికీ లేదు. ఎదురుగా స్టూడియో నిండా జనం ఉన్నారు. ముక్కు మీద పిండి, చెవి మీద చేప తోక. అంతా కుదిరింది.

ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒకావిడ "అయ్యో, పాపం" అంది. దర్శకురాలు పరుగెత్తుకొచ్చింది. ఎవరో అంబులెన్సు పిలిచారు. నేను పిండిలో పడుకుని తెర పక్కకు చూశాను. అక్కడ డారెల్ స్థానంలో వచ్చిన కొత్తవాడు చేతులు కట్టుకుని, తల దించుకుని, చావింట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. అయ్యా, ఆసుపత్రి వార్డుల్లో ఏళ్ళు గడిపినవాణ్ణి నేను. అంత ఒంటరితనం నాకు అక్కడ కూడా తెలియదు.

6. ప్రస్తుతం నాతో అందరూ మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడుచున్నారు. భోజనాల బల్ల దగ్గర నా చుట్టూ గౌరవార్థం ఖాళీ వదులుచున్నారు. అవతలి బల్ల మీద ఎవరో ఎవరినో తిడుతుంటారు, అందరూ నవ్వుతుంటారు. నేను అటు తిరిగితే ఆపేస్తారు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. అంత మర్యాద నాకు మింగుడుపడటం లేదని మాత్రమే మనవి.

కావున తమరు దయతో ఆ ఫిర్యాదును రద్దు పరచి, డారెల్ కౌలీని పనిలోకి పిలిపించవలెను. అందుకు నా సాక్ష్యం మళ్ళీ అవసరమైతే నన్ను పిలవండి. అయితే ప్రశ్న అడిగాక ఆగాలి. టీ కాచుకోండి, తాగండి, కప్పు కడుక్కోండి. అప్పటికీ నేను అదే మాట మీద ఉంటాను. కెల్విన్‌కు దొంగతనం చేసుకునే హక్కు కూడా పునరుద్ధరించవలెనని ప్రార్థన.

ఇదంతా తమరు చివరిదాకా, మధ్యలో ఆపకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
ఎవరూ తిట్టడం లేదు గనుక గత్యంతరం లేక
తమ విధేయుడు,
రోరీ పెంబర్తీ

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను. అర్జీ సంగతి చెబుదామని ఇవాళ రేవు దగ్గరున్న డారెల్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి నన్ను చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"రోరీ గారా... రండి. మీరు... ఆరోగ్యం బాగుందాండీ? ఇక్కడ మెట్టుంది. మీకు అభ్యంతరం లేకపోతే కుర్చీ పట్టుకోనా?"

"ఇల్లు... ఊడ్చి... ఎన్నాళ్ళయిందిరా... పందీ?" అన్నాను.

చివరిదాకా ఆగాడు. ఆగడం మాత్రం మరిచిపోలేదు. పెదవి ఒక పక్క కదిలింది. ఇక తిడతాడు అనుకున్నాను. అతను వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. తరువాత నా చొక్కా కేసి చూశాడు, గుండీల దగ్గర, కాలరు కింద. మైకు ఉందేమోనని వెతుకుతున్నాడు. లేదని చెప్పడం మొదలుపెట్టాను. మెడ పక్కకు తిరిగింది. అది పూర్తయ్యేలోగా, "ఏమైనా తప్పుగా అనుంటే క్షమించండి సార్, నాకు పిల్లలున్నారు" అని తలుపు వేసుకున్నాడు.

నన్ను చూసి జాలిపడ్డవాళ్ళు ఈ ఊరినిండా ఉన్నారు. నన్ను చూసి భయపడింది మాత్రం ఇతనొక్కడే. తొందరగా ఏదైనా చెయ్యండి.