ఆయన నడక

డూప్ గారికి సినిమా ఆఫీసు మేనేజరు నమస్కారాలు.

మన హీరోగారు పోయి ఏడాది కావస్తోంది. అయినా సూపర్‌హీరో రెండో భాగం ఆపేది లేదు. ఎలాగూ ముసుగే కదా, లోపల ఎవరుంటే ఏం? కాకపోతే మొదటి భాగం చివర్లో వంతెన మీద ఆయన కుంటుకుంటూ నడిచారే, జనం ఆ నడక కోసం పడి చస్తారు. బాగా చూసి నేర్చుకుని పరీక్షకు రండి.

ఇట్లు,
మేనేజరు

తా.క.: మొదట్లో దూకుళ్లన్నీ మీరే దూకారట. నడక అంత తేలిక కాదు సుమండీ.

*

మేనేజరు గారికి డూప్ వందనాలు.

నలభైసార్లు చూశాను. రావడం లేదండీ. ఆ రోజు నాకు మోకాలు బెణికి... కాదు, ఆయనకు బెణికి ఉంటుంది. కొట్టివేత మన్నించండి. ఇప్పుడు నా మోకాలు ఆపరేషనై నిక్షేపంగా ఉంది. బాగున్న కాలితో కుంటితే దొంగేడుపులా ఉంది. పరీక్ష లేకుండా తీసుకోరూ? ముసుగేసుకోవడం తప్ప నాకు వేరే పని రాదు.

ఇట్లు,
విధేయుడు

తా.క.: ఆయనుండగా షూటింగ్ అవగానే వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు సాయంత్రాలు ఎటు పోవాలో తెలీక బస్టాపులో కూర్చుంటున్నాను. నాలుగు బస్సులు పోయాక లేస్తాను.

*

డూప్ గారికి,

మీ మోకాలి సంగతి ఎవరడిగారు? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. పరీక్షకు ఏడుగురొస్తే మీరు ఏడోవారు. సబ్బుల కొట్టు నడుపుకునే ఒకాయన మొదట నిలిచాడు. ఆయన నడుస్తుంటే మా డైరెక్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీలో హీరోగారి పోలిక మచ్చుకైనా లేదు. ఇన్నాళ్లూ పక్కనుండి ఏం చూశారండీ? రెండో భాగంలో మీకు చోటు లేదు.

ఇట్లు,
మేనేజరు

తా.క.: హీరోగారి భార్య కూడా చూడటానికొచ్చారు. మీ వంతు రాగానే లేచి వెళ్లిపోయారు. ఆవిణ్ణి ఎంత బాధపెట్టారో చూడండి.

*

మేనేజరు గారికి,

మీరన్నది నిజమే. అమ్మగారికి నా క్షమాపణలు చెప్పండి. పరీక్షకిచ్చిన డ్రెస్సు ఉతికి పంపుతున్నాను. ఒంటరిగా అనిపిస్తోందండీ. ఏడోవాణ్ణయినందుకు కాదు. ఇవాళ ఇలా జరిగిందని చెప్పుకోవడానికి మనిషి లేడు.

సెలవు.

తా.క.: సబ్బుల కొట్టు ఆయన పరీక్షలో కుంటింది కుడికాలు. వంతెన మీద కుంటింది ఎడమకాలు. ఎవరూ పట్టించుకున్నట్టు లేరు.

*

డూప్ గారికి, ఎలా మొదలుపెట్టాలో తెలీని మేనేజరు వ్రాయునది.

పొద్దున హీరోగారి భార్య ఆఫీసుకొచ్చారు. మొదటి భాగం సగంలోనే ఆయన మంచం పట్టారట. తెలిస్తే సినిమా ఆగిపోతుందని, ఎవరికీ చెప్పొద్దని మీ దగ్గర మాట తీసుకున్నారట. మీరు ముసుగేసుకుని పనంతా చేసి, సాయంత్రం వెళ్లి "ఇవాళ వంతెన మీద మీరు అదరగొట్టేశారండీ" అని ఆయనకే చెప్పేవారట. ఆయన "నిజంగానా? ఇంకా ఏం చేశాను?" అని అడిగేవారట. "మాట ఆయన తీసుకున్నారు, విప్పే హక్కు నాది" అన్నారావిడ. మొన్న లేచి వెళ్లింది ఏడుపు ఆపుకోలేకట.

ఆ నెలల్లో డూప్ పనికి రావడం లేదని నేను మీకు రెండు మెమోలు కూడా ఇచ్చాను. మీలో మీ పోలికే లేదని తేల్చిన ఘనుణ్ణీ నేనే. సోమవారం షూటింగుకి వచ్చేయండి. కుంటక్కర్లేదు, హీరోకి కాలు నయమైందని డైరెక్టరు కథ మార్చేశారు.

ఇట్లు,
సిగ్గుపడుతున్న మేనేజరు

తా.క.: ముసుగు లేకుండా వస్తే గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. ఆ మాటే అంటే ఆవిడ, "నేను నిలబడతాను లెండి గేటు దగ్గర. సాయంత్రం ఇంటిక్కూడా రమ్మనండి. ఏ రోజు ఏం జరిగిందో నాకూ ఎవరూ చెప్పడం లేదు" అన్నారు.