అద్దం మీద ఆకుపచ్చ గుడ్డ

చిరంజీవి అమ్మాయికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నాన్నా నేనూ బాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాన్నకు దగ్గు తగ్గింది, మోకాలు తగ్గలేదు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు ఎందుకు రాయలేదో తర్వాత చెప్తాను. ముందు నువ్వడిగిన తేలిక సంగతులు కానీ.

నువ్వు తోలే వ్యాను ముందు అద్దం ఎంత తుడిచినా చారలు పడుతున్నాయని రాశావు. పడవా మరి? పాత తువ్వాలుతో తుడుస్తున్నానన్నావు. తువ్వాలు ఒళ్లు తుడుచుకోవడానికి తల్లీ, అద్దానికి కాదు. నూగు వదులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డలు కొనుక్కో. అద్దానికి పొట్టి నూగుది, సీట్లకు ఒత్తు నూగుది. అంచున కుట్టిన చీటీ కత్తిరించెయ్యి, లేకపోతే గీస్తుంది. కొనేముందు అరచేతి మీద లాగి చూడు. మనవి పనిచేసే చేతులు కదా, ఆ గరుకుకు పట్టుకుని ఆగితే మంచి గుడ్డ. జారిపోతే వదిలెయ్యి.

రంగులు వేరు పెట్టుకో. మా కార్లు కడిగే షెడ్డులో నీలం అద్దానికి, ఆకుపచ్చ డ్యాష్‌బోర్డుకు, బూడిదరంగు సీట్లకూ తలుపుల సందులకూ. నీలం గుడ్డ కిందపడితే ఇక అద్దం మొహం చూడకూడదు, చక్రాలకు పోవాల్సిందే. ఒక్క ఇసుక రేణువు చాలు, అద్దం కొంప ముంచడానికి. ఒంటి బట్టల్లో కలిపి ఉతక్కు. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు చాలు. బట్టలు మెత్తబడటానికి వేసే ఆ వాసన మందు జోలికి మాత్రం పోకు. అది గుడ్డకు జిడ్డు పట్టిస్తుంది. నీడన ఆరెయ్యి. అద్దం లోపలివైపు నిలువుగా, బయటివైపు అడ్డంగా తుడువు. చార మిగిలితే ఏ వైపుదో దానికదే చెప్తుంది.

ఇంకొక్కటి. డ్యాష్‌బోర్డుకు పాలిష్ పెట్టిన ఆకుపచ్చ గుడ్డ పొరపాటున కూడా అద్దానికి తగలనివ్వకు. నీడలో ఏమీ తెలియదు, తళతళలాడుతుంది. ఎదురెండ పడిందా, పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. "అమ్మా, కోప్పడకు. తమ్ముణ్ణి గుద్దిన కారు అద్దం ఆ రోజు నువ్వు నిజంగా బాగా తుడిచావా?"

కోప్పడ్డాను. రెండు నెలలు కోప్పడుతూనే ఉన్నాను.

ఆ కారు నడిపిన సెంటు సారు పోలీసులకు ఏం రాయించాడో నీకు తెలుసు. షెడ్డులో అద్దం సరిగా తుడవలేదు, సాయంత్రం ఎండకు మసకేసింది, వంతెన మీద సైకిలు కనపడలేదు అన్నాడు. ఆ అద్దం తుడిచింది నేను. గోడలకు రంగులేసి ఇంటికొస్తున్న నా కొడుకును నా గుడ్డే చంపిందని కాగితం మీదకు ఎక్కింది. నన్ను కార్ల దగ్గర్నుంచి తీసేసి వెనక గుడ్డలుతికే చోట పెట్టారు. పదకొండు నెలలు ఒక్కొక్క నీలం గుడ్డనూ అరచేతి మీద లాగి చూసుకున్నాను. ఆ రోజుది ఇదా? ఇది జారిందా? వాడు అబద్ధమాడాడని గుండె చెప్పేది, చెయ్యి మాత్రం నమ్మేది కాదు. అలాంటి సమయంలో నువ్వూ అడిగావు.

పోయిన మంగళవారం సాయంత్రం మనిషి తక్కువై మేస్త్రి నన్ను ముందుకు పిలిచాడు. వచ్చింది అదే కారు. తలుపు తీయగానే అదే సెంటు కంపు. వాడు నన్ను గుర్తుపట్టలేదు. కారు తుడిచేదాని మొహం ఎవడు చూస్తాడు?

"తొందరగా కానీయమ్మా," అన్నాడు ఫోను చెవిన పెట్టుకుని.

"అలాగే సారూ," అన్నాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తున్నాను. నేను నీలం గుడ్డ తియ్యలేదు. ఆకుపచ్చది తీశాను. పాలిష్ ఇంకాస్త అద్దుకుని, లోపలి అద్దమంతా పైనుంచి కిందికి, మూల మూలా వదలకుండా తుడిచాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ అద్దమూ తుడవలేదు. నువ్వాడిన అబద్ధాన్ని నిజం చేసి పంపుతున్నాను పోరా అనుకున్నాను. అద్దానికి మసకే కాదు, వాడికి నా కొడుకు చావు కూడా రావాలని కోరుకున్నాను. ఆ వేళకు వంతెన మీద బడిపిల్లలు నడిచొస్తుంటారు. అదీ తెలుసు. తెలిసే తుడిచాను.

వాడు కారు తీసి గేటు దాటాడో లేదో ఎండ అద్దానికి తగిలింది. కీచుమని బ్రేకు. వాడు దిగి అరుపులు.

"ఎవరయ్యా తుడిచింది? ముందు గోడుందో గొయ్యుందో తెలీట్లేదు!"

మేస్త్రి పరుగెత్తాడు. "ఎండ కదా సార్, కొంచెం..."

"కొంచెమేంటి? అద్దం ఇలా ఉంటే పది అడుగులైనా ఎవడైనా నడుపుతాడా? పిచ్చోడు కూడా ఆపేస్తాడు!"

ఆ మాట నా చెవిన పడగానే బకెట్టు దించి ఎదురెళ్లాను.

"మరి ఆ రోజు వంతెన దాకా ఎలా నడిపారు సారూ?"

"ఏ రోజు?"

"నా కొడుకును గుద్దిన రోజు. ఇక్కణ్ణుంచి వంతెన నాలుగు కిలోమీటర్లు, దారంతా ఎదురెండే. పది అడుగులు నడపలేని అద్దంతో నాలుగు కిలోమీటర్లు ఎలా పోయారు?"

వాడి మొహం ఉతికిన గుడ్డలా పాలిపోయింది. "అది వేరు," అన్నాడు.

"వేరేంటండీ?" అంది తన కారు కోసం కుర్చీలో కూర్చున్న టీచరమ్మ. "ఇప్పుడే కదా పిచ్చోడు కూడా ఆపేస్తాడన్నారు. నేను విన్నాను. ఎక్కడ అడిగినా చెప్తాను."

"అప్పుడు... ఫోనొచ్చింది, ఒక్క క్షణం..." అని నాలిక్కరుచుకున్నాడు. అప్పటికే మాట జారిపోయింది. మేస్త్రి కూడా విన్నాడు, చక్రాలు కడిగే ఆవిడ కూడా విన్నది.

అదమ్మా సంగతి. ఆ రోజు అద్దం శుభ్రంగానే ఉంది. నీ ప్రశ్నకు జవాబు ఇదే. దీన్ని నీ అమ్మ నోటి నుంచి కాక వాడి నోటి నుంచి వినాల్సి వచ్చిందని నీ మీద కోపం ఇంకా ఉంది. వాడి మీద ఉన్నంత కాదులే.

నా కడుపుమంట చల్లారిందా అని అడగకు. చల్లారలేదు. వాడు బ్రేకు వేశాడు కాబట్టి బడిపిల్లలు ఇళ్లకు చేరారు, అందులో నా మంచితనం ఏమీ లేదు. రేపు టీచరమ్మ నన్ను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్తోంది. "ఆకుపచ్చ గుడ్డ సంగతి మింగెయ్యక్కా, నువ్వూ ఇరుక్కుంటావు," అంటున్నాడు మేస్త్రి. మింగను. అద్దం మీద అబద్ధం చెప్పినవాడు ఒకడు చాలు. నేను చేసింది నేనే రాయిస్తాను. నాకు ఏ శిక్ష వేస్తారో వెయ్యనీ. పక్క గదిలో వాడుంటే చాలు, నాకు అక్కడ హాయిగా నిద్ర పడుతుంది.

ఇట్లు,
మీ ఇద్దరినీ కన్న అమ్మ